కుంతల రాత్రి, ఇరవై ముఖాల పాచిక

‘బాహుబలి 2’లో కుంతల కోట మీద పిండారీలు విరుచుకుపడే రాత్రిని, ఫాంటసీ ఆటలు ఆడేవాళ్లు ఒక్కసారైనా పాచికలు పక్కన పెట్టి చూడాలి. ఒకే పోరులో ముగ్గురు మూడు మెట్ల మీద ఉంటారక్కడ. హీరో అమరేంద్రుడు కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. యువరాణి దేవసేన అప్పటికే మంచి విలుకత్తె. ఒకేసారి మూడు బాణాలు వదిలే పట్టును అతను ఆమెకు పోరు మధ్యలోనే నేర్పుతాడు. ఇక కుమారవర్మ, గొప్పలు చెప్పుకొని ఆపద రాగానే దాక్కున్నవాడు. అతని చేతికి కత్తి వస్తుంది, దాంతోపాటు ధైర్యమూ వస్తుంది. ఆ రాత్రి అందరికన్నా ఎక్కువ ఎదిగింది అతనే.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట 1974లో వచ్చినప్పటి నుంచీ ఈ ఎదుగుదలను లెక్కకట్టాలని చూస్తూనే ఉంది. తొలి నియమాల్లో యోధుడి గురి మూడు లెవెళ్లకోసారి మెరుగయ్యేది. అదే పూజారికి నాలుగు, మాంత్రికుడికి అయిదు లెవెళ్లు పట్టేది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో తేడా ఇంకా బాహాటం. ఇరవై ముఖాల పాచికకు కలుపుకొనే అంకె ఇరవయ్యో లెవెల్‌కి యోధుడికి 20, పూజారికి 15, మాంత్రికుడికి 10. 2014 నాటి అయిదో ఎడిషన్ ఆ తేడాను తీసేసింది. నైపుణ్యానికి కలిసే అంకె ఎవరికైనా 2తో మొదలై 6 దగ్గర ఆగుతుంది. యోధుడి ప్రత్యేకత ఇప్పుడు ఒక్కో వంతులో వేసే దెబ్బల సంఖ్యలో ఉంది: అయిదో లెవెల్‌లో రెండు, పదకొండులో మూడు, ఇరవైలో నాలుగు. మాంత్రికుడికి ఆ అయిదో లెవెల్‌లోనే అగ్నిగోళం అందుతుంది.

నా ఓటు అయిదో ఎడిషన్‌కే. అంకె పెరిగితే ఆటగాడి కాగితం మారుతుంది, కొత్త పని చేతికొస్తే పోరే మారుతుంది. ఒకేసారి మూడు బాణాలు వదలడం నేర్చిన దేవసేనను చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో కథ సిద్ధమయ్యాక ఫైట్ మాస్టర్ చేయాల్సిన పని కూడా ఇదే. పాత్ర ఎవరో తెలియకుండా ఫైట్ కంపోజ్ చేస్తే అది ఏ హీరోకైనా సరిపోతుంది, అంటే ఎవరికీ సరిపోదు. ‘బాహుబలి’నే చూడండి: భల్లాలదేవుడికి గొలుసు గద, తిరిగే కత్తుల రథం; కట్టప్పకు పొదుపైన కత్తి వేటు. ముఖాలు చూపించకపోయినా ఎవరు కొడుతున్నారో చెప్పొచ్చు. తొలి భాగానికీ, అంతకుముందు ‘మగధీర’కూ పనిచేసిన పీటర్ హెయిన్ లాంటి మాస్టర్ల విలువ ఇక్కడే కనిపిస్తుంది. ఈ పనికి జాతీయ పురస్కారం 2016 చిత్రాలతోగానీ మొదలు కాలేదు. ఆ మరుసటి ఏడాదికి అది ‘బాహుబలి 2’ను వరించింది. చాలా ఆలస్యంగా దక్కిన గౌరవమిది.

మన సినిమాల్లో ఎక్కువ భాగం ఇంకా మూడో ఎడిషన్ దగ్గరే ఆగిపోయాయన్నది నా బాధ. ఇంట్రడక్షన్ ఫైట్‌లో పదిమంది, క్లైమాక్స్‌లో వందమంది. హీరో కొట్టే తీరు మాత్రం అదే. కుమారవర్మ లాంటివాడికి అరగంట కేటాయించగల కథ వస్తే, ఫైట్ మాస్టర్లకు తమ విద్యంతా చూపే వీలు దొరుకుతుంది.