ఎడారి గండిలో ఏకాంతం: ఎడ్వర్డ్ ఆబీ ‘డెజర్ట్ సాలిటైర్’ పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికా నైరుతి ఎడారుల్లో ఒంటరి సంచారాన్ని వర్ణించిన రచనల్లో ఎడ్వర్డ్ ఆబీ ‘డెజర్ట్ సాలిటైర్’ (1968) ప్రసిద్ధమైనది. అందులోని ఏకాంతం రచయితకు అనుభవంలో యథాతథంగా లభించింది కాదనీ, వేటిని ఉంచాలి, వేటిని తొలగించాలి అన్న అతని ఎంపికల వల్ల ఏర్పడిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘హవాసు’ అధ్యాయం ఇందుకు ప్రధాన ఆధారం.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, ఏకాంతం, ఎడారి, హవాసుపాయి, ఏనుగుల వీరాస్వామయ్య.

ఉపోద్ఘాతం

నది కొండను చీల్చుకొని పోయిన చోటును తెలుగువారు గండి అంటారు. పెన్న ఒడ్డున ఉన్న గండికోట పేరులో వినిపించేది ఆ మాటే. అందుచేత ‘కాన్యన్’ అన్న పదాన్ని స్థలనామాలకు పరిమితం చేసి, మిగిలినచోట్ల గండి అనడమే ఉచితం. అమెరికాలోని యూటా, అరిజోనా రాష్ట్రాల్లో కొలరాడో నది, దాని ఉపనదులు కోసిన ఎర్రరాతి గండ్లు ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల యాత్రారచనకు ఒక ప్రత్యేక రంగస్థలాన్ని సమకూర్చాయి. వీపున మూట, చేతిలో నీళ్ళ సీసా, చుట్టూ మనుష్యసంచారం లేని రాయి: ఈ దృశ్యం ఎంతగా స్థిరపడిందంటే, ఒంటరిగా వెళ్ళినవాడే నిజమైన యాత్రికుడన్న భావన పాఠకుల్లోనూ విమర్శకుల్లోనూ ప్రశ్నకు గురికాకుండా నిలిచిపోయింది.

కుదించిన కాలం, తొలగించిన మనుషులు

ఆబీ 1956, 1957 సంవత్సరాల్లో యూటాలోని ఆర్చెస్ ప్రాంతంలో సీజనల్ రేంజర్‌గా పనిచేశాడు. అప్పటికది జాతీయ స్మారక ప్రాంతం మాత్రమే. జాతీయ పార్కు హోదా 1971లో వచ్చింది. వేర్వేరు వేసవుల దినచర్యా పుటలను అతడు ఒకే ఋతువు కథగా అల్లాడు. దీనిని తప్పుపట్టవలసిన పనిలేదు. దినచర్య గ్రంథంగా మారేటప్పుడు కాలం కుదించుకుపోవడం సహజం. ఆ రోజుల్లో కొంతకాలం అతని భార్య, పసికుమారుడు కూడా అక్కడ అతనితో ఉన్నారన్నది నేడు తెలిసిన విషయమే. గ్రంథంలో మాత్రం ట్రైలర్‌లో నివసించేది ఒక్కడే. కాలాన్ని కుదించడం కథాగమనం కోసం. కుటుంబాన్ని తొలగించడం కథకుడి మూర్తి కోసం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘రచనాస్వాతంత్ర్యం’ అని సరిపెట్టుకోవడం విమర్శ బాధ్యతను తగ్గించుకోవడమే. ఏమీ ఇర్విన్ ‘డెజర్ట్ కబాల్’ (2018) పేరుతో ఆబీకి సమాధానం రాసినప్పుడు, ఒంటరితనాన్ని సూచించే పదం ఉన్నచోట కూటమిని సూచించే పదాన్ని నిలపడం యాదృచ్ఛికం కాదు.

‘హవాసు’: గ్రంథం తనకు తానే చెప్పిన సాక్ష్యం

జీవితచరిత్ర ఆధారాలను పక్కనపెట్టినా, గ్రంథంలోనే మరింత బలమైన సాక్ష్యం ఉంది. అందులోని పెద్ద ప్రయాణాల్లో కథకుడికి తోడు ఉంటుంది. గ్లెన్ కాన్యన్‌లో పడవ ప్రయాణానికి రాల్ఫ్ న్యూకూంబ్, ‘మేజ్’ అనే గండ్ల చిక్కుముడిలోకి బాబ్ వాటర్‌మన్ వెంట వస్తారు. కథకుడు చాలాకాలం పూర్తిగా ఒంటరిగా ఉన్నది గ్రాండ్ కాన్యన్ పరిసరాల్లోని హవాసు కాన్యన్‌లో. మిత్రులతో లాస్ ఏంజలిస్ వెళుతూ దారిలో ఆగి, వేచి ఉంటామన్న వారిని విడిచి వెళ్ళి, అక్కడ 35 రోజులు గడుపుతాడు.

ఆ అధ్యాయారంభంలో కనిపించే వస్తువులను గమనించాలి. హవాసుపాయి ఆదివాసుల గ్రామంలో అతడు పంది మాంసం, చిక్కుడు గింజల డబ్బాలు కొంటాడు. ఒక గుర్రాన్ని అద్దెకు తీసుకుంటాడు. మొక్కజొన్న చేల మీదుగా జలపాతం దాకా వెళ్ళి సామాను దించుకొని గుర్రాన్ని వదిలేస్తాడు. అది తనంతట తాను ఇంటికి పోతుంది. అంటే ఈ ఏకాంతానికి కూతవేటులో కాకపోయినా నడకదూరంలో ఒక ఊరు, ఒక అంగడి, సేద్యం ఉన్నాయి. రచయిత వీటిని దాచలేదు, కాని ఆలోచనలోకి తీసుకోలేదు. వాక్యంలో ఉండి వాదంలో లేని ఆ గుర్రమే ఈ గ్రంథ పఠనానికి తాళపుచెవి.

రోజులు గడిచేకొద్దీ కథకుడికి తనకూ ప్రకృతికీ నడుమ హద్దు చెదరడం మొదలవుతుంది. తన చేతిని చూస్తే కొమ్మకు వణికే ఆకు కనిపిస్తుంది. దీనిని అద్వైతానుభూతిగా వ్యాఖ్యానించాలన్న ఉత్సాహం భారతీయ పాఠకుడికి కలగవచ్చు, కాని అధ్యాయం దానికి అవకాశమివ్వదు. ఆ వెంటనే వచ్చేది భయం. దగ్గరదారి వెతుకుతూ ఒక పక్కగండిలోకి జారిన అతడు ఎక్కలేని, దిగలేని చోట చిక్కుకుంటాడు. పైన నీటికి నునుపెక్కిన రాయి, కింద దూకలేనంత లోతు. తాను ఇక్కడున్నట్లు ఎవరికీ తెలియదు. అతడు ఏడుస్తాడు. ఎలాగో పైకి చేరాక, వాన కురిసిన ఆ రాత్రిని కాలు చాపుకోవడానికి చాలని రాతిచూరు కింద గడిపి, దానిని తన జీవితంలోని ఆనందకరమైన రాత్రుల్లో ఒకటిగా చెప్పుకుంటాడు.

ఈ ఘట్టం గ్రంథానికి ప్రాణం. పర్యాటక వ్యాపారంపై విరుచుకుపడే అధ్యాయంలోని అధికారస్వరం ఇక్కడ లేదు. ఏకాంతం మొదట ‘నేను’ను కరిగించి, పిమ్మట ఆ ‘నేను’ ఆధారపడిన దేహాన్నే ప్రమాదంలోకి నెట్టింది. గ్రాండ్‌వ్యూ పాయింట్ వద్ద తప్పిపోయి మరణించిన పర్యాటకుని అధ్యాయంతో దీనిని జతచేసి చదివితే బలం పెరుగుతుంది. అక్కడ శవాన్ని మోసుకొచ్చినవారు ఒక బృందం. ఆబీ అందులో ఒకడు. ఆరుబయట చావడం అదృష్టమన్న తాత్త్వికత అక్కడ సులువుగా వచ్చింది. తన వంతు వచ్చినప్పుడు వచ్చింది కన్నీరు.

ఇదే కాలపు కాలిన్ ఫ్లెచర్ పద్ధతి వేరు. 1963లో గ్రాండ్ కాన్యన్‌లో రెండు నెలలు నడిచిన అతడు ‘ది మ్యాన్ హూ వాక్డ్ త్రూ టైమ్’లో ముందుగా దాచిన ఆహారం, విమానం నుంచి జారవిడిచిన సరుకులు, దారి తెలిసిన హార్వీ బుచార్ట్ సలహాలు అన్నిటినీ లెక్కచెప్పాడు. ఆబీకి ఉన్న వచనశక్తి ఫ్లెచర్‌కు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అతడే నిజాయితీపరుడు. 2003లో బ్లూజాన్ గండిలో బండరాయి కింద చేయి చిక్కుకొని 127 గంటలు గడిపిన ఆరన్ రాల్‌స్టన్ చేసిన పని మరీ గమనార్హం: వీడియో కెమెరాలో తన కుటుంబంతో మాట్లాడాడు.

ఎవరి నిర్జనారణ్యం?

1964 నాటి అమెరికా వైల్డర్‌నెస్ చట్టం అరణ్యాన్ని మనిషి వచ్చిపోయే చోటుగా నిర్వచించింది, నివసించే చోటుగా కాదు. హవాసుపాయి ప్రజలకు ఈ నిర్వచనం ఏనాడూ వర్తించలేదు. 1882లో వారి రిజర్వేషన్‌ను 518 ఎకరాలకు కుదించారు. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు ఏర్పడ్డాక పీఠభూమి మీది వారి సంచారం మరింత కష్టమైంది. 1975 చట్టంతో సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి దక్కాయి. ఆబీ గ్రంథం ఈ రెండు తేదీల నడుమ వెలువడింది. అతడు ఏకాంతాన్ని వెతికిన గండి మరొకరి ఊరు. వారికి మిగిల్చిన ఊరు.

తెలుగు పరిశోధనకు

శీర్షికలోని ‘సాలిటైర్’ను తెలుగు చేయవలసి వస్తే ‘ఒంటరితనం’ కంటే ‘ఏకాంతం’ మొదట తోస్తుంది. కాని తెలుగులో ఏకాంతానికి మనుషులు అడ్డుకాదు. భార్యాభర్తలది ఏకాంతమే. తిరుమల ఏకాంతసేవలో అర్చకులుంటారు, తాళ్ళపాకవారి లాలి వినిపిస్తుంది. జనసమ్మర్దం నుంచి తొలగడమే దాని అర్థం, సర్వమానవుల నుంచి కాదు. హవాసు అధ్యాయానికి సరిపోయేది ఈ తెలుగు అర్థమే, ఆబీ కోరిన అర్థం కాదు.

ఒంటరి యాత్రను ప్రామాణికతకు కొలమానంగా తీసుకొని తెలుగు యాత్రాసాహిత్యాన్ని అంచనా వేస్తే ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ (1838) మొదటి మెట్టులోనే వెనుకబడుతుంది. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరిన ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం ఉంది. ఆ పుటల్లో పల్లకి ఉంటే దానిని మోసే బోయీలూ ఉంటారు. మజిలీ ఉంటే అక్కడ దొరికే సరుకులూ ఉంటాయి.