ఆదాముకు అమ్మ ఉందా?

డార్విన్ ‘జాతుల పుట్టుక’ 1859లో వచ్చింది. 1950లో 12వ పయస్ పోపుగారు ‘హుమానీ జెనెరిస్’ అనే లేఖ రాశారు. మనిషి శరీరం ముందున్న జీవుల నుంచి వచ్చిందా అని పరిశోధించవచ్చు గాని, ఆత్మను దేవుడే నేరుగా సృష్టిస్తాడు అని అందులో చెప్పారు.

సైన్సుకు తలుపు మూయకపోవడం నాకు నచ్చింది. శిలాజంలో ఎముక కనిపిస్తుంది, ఆత్మ కనిపించదు. అంతవరకు సరే.

కాని పరిణామం తరతరాలుగా కొద్దికొద్దిగా జరుగుతుంది. అమరమైన ఆత్మ సగం ఉండదు, ఉంటే ఉంది, లేకుంటే లేదు. మనుషులందరూ ఒక్క ఆదాము సంతతే అని కూడా ఆ లేఖ అంటుంది. అప్పుడు ఆదాముకు కన్నతల్లి ఉండాలి గదా? పాలిచ్చి పెంచిన ఆమెకు ఆత్మ లేదా? కొడుకు పరలోకానికి పోతే ఆమె మట్టిలోనే ఉండిపోతుందా?

1996లో రెండవ జాన్ పాల్ పోపుగారు పరిణామం వట్టి ఊహ కాదని ఒప్పుకున్నారు. మనిషి దగ్గర మాత్రం ఒక పెద్ద గంతు ఉందన్నారు. గంతు అని పేరు పెడితే చిక్కు తీరదు.

పరిణామం, ఆత్మ రెండూ నిజమేనని నేనూ నమ్ముతాను. అందుకే ఆ తల్లి సంగతి దాటెయ్యకూడదు అంటున్నాను.