సెలవురోజు తెర: సింగపూర్ తెలుగు ఇంట్లో ఎంపిక ఎవరిది?

సింగపూర్‌లో ఏడాదికి 11 ప్రభుత్వ సెలవులు. చైనీయుల నూతన సంవత్సరానికి రెండు రోజులు. బుద్ధపూర్ణిమ, రంజాన్, బక్రీద్, గుడ్ ఫ్రైడే, దీపావళి, క్రిస్మస్ పండుగలకు ఒక్కొక్కటి. జనవరి ఒకటి, మే డే, జాతీయ దినోత్సవం మిగిలినవి. సంక్రాంతి, ఉగాది, దసరా ఈ జాబితాలో లేవు. తెలుగు సినిమాకు మాత్రం సంక్రాంతే పెద్ద పండుగ. పేరున్న కథానాయకుల చిత్రాలు ఆ వారంలోనే పోటీపడి విడుదలవుతాయి. అందువల్ల అక్కడి తెలుగు ఉద్యోగి విరామం ఒక పంచాంగాన్ని, అతడు చూడదలచిన సినిమా మరొక పంచాంగాన్ని అనుసరిస్తాయి.

ఈ రెంటినీ కలిపినది ఇంటి తెర. 2024 జనవరి 12న విడుదలైన ‘గుంటూరు కారం’ ఫిబ్రవరి 9న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. మరునాడే చైనీయుల నూతన సంవత్సరం. రెండో సెలవు ఆదివారం కావడంతో సోమవారం కూడా కలిసి మూడు రోజుల విరామం దొరికింది. థియేటరుకు వెళ్ళలేకపోయిన కుటుంబాలకు సంక్రాంతి సినిమా నాలుగు వారాలు ఆలస్యంగా, సరిగ్గా సెలవుల ముంగిట, తెర మీద మొదటి వరుసలో నిలబడింది. ఎంతోమంది దాన్నే చూసి ఉంటారు. కాని దాన్ని వారు ఎంచుకున్నారా, అది వారి ముందుకు వచ్చిందా? ఈ ప్రశ్న వినోదానికి సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. తెలుగు బడిలోనూ వీధిలోనూ వినిపించని ఊరిలో, ఇంట్లో వినపడే తెలుగులో పెద్ద వాటా తెరదే అయినప్పుడు, అది అంత చిన్నది కాదు.

తెర చేసే ఎంపిక

నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో సింగపూర్‌కూ భారతదేశానికీ ఒకే రోజున వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో ప్రైమ్ వీడియో, 2020 నవంబరులో హాట్‌స్టార్ సింగపూర్ చేరాయి. ‘ఆహా’ 2020 ఉగాదినాడు తెలుగుకే అంకితమై మొదలైంది. ఆ తరువాత రెండు వారాలు తిరగకముందే, ఏప్రిల్ 7న, సింగపూర్ ప్రభుత్వం కోవిడ్ కట్టడిని విధించి జూన్ 1 వరకు జనాన్ని ఇళ్ళలో ఉంచింది. చూసేందుకు సరుకు, చూసేందుకు తీరిక ఒకేసారి సమకూరిన కాలం అది. అలవాట్లు అప్పుడే స్థిరపడ్డాయి.

ఈ సంస్థలు సినిమాలను ఏ క్రమంలో పేరుస్తాయన్నది రహస్యమేమీ కాదు. నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసిన గోమెజ్-ఉరీబె, నీల్ హంట్ 2015లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఆ విధానాన్ని వివరించారు. సగటు చందాదారు 60 నుండి 90 సెకన్లు వెతికి, 10 నుండి 20 శీర్షికలు చూసేసరికి ఆసక్తి కోల్పోతాడు. ఆ లోపల ఏదో ఒకటి అతడిచేత మొదలుపెట్టించాలి. చందాదారులు చూసే గంటల్లో దాదాపు 80 శాతం ఈ సిఫారసు యంత్రాంగం ప్రభావంతోనే ఎంపికవుతున్నాయని, తామే పేరు టైపు చేసి వెతుక్కునేవి మిగిలిన 20 శాతమని వారు రాశారు.

ఈ కొలమానం ఏమిటో గమనించాలి. అతడు చూశాడా, చివరిదాకా చూశాడా, చందా కొనసాగించాడా అన్నవి యంత్రానికి అందుతాయి. చూసిన వారం తరువాత ఆ సినిమా గురించి భోజనాల దగ్గర ఎవరైనా మాట్లాడుకున్నారా అన్నది అందదు. ఒకప్పుడు వీడియో కేసెట్లు అద్దెకిచ్చే దుకాణదారుకు ఈ రెండో విషయం కొంత తెలిసేది. కేసెట్ తిరిగి ఇచ్చేటప్పుడు “ఎలా ఉంది?” అని అడిగేవాడు. ఆ జవాబు మరో ఇంటికి సలహాగా చేరేది. అతడూ వ్యాపారే; అయితే అతడి వ్యాపారంలో నలుగురి నోటిమాటకు చోటుండేది.

ఎక్కువ సరుకు చేసే చేటు

సెలవురోజు సాయంత్రం గంటసేపు వెతికి ఏమీ చూడకుండా పడుకునే కుటుంబాలు తమ ఇబ్బందికి కారణం సినిమాలు మరీ ఎక్కువ కావడమే అనుకుంటాయి. ఈ అభిప్రాయానికి 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ చేసిన ప్రయోగం బలాన్నిచ్చింది. కాలిఫోర్నియాలోని ఒక దుకాణంలో 24 రకాల జామ్‌లు పెట్టినప్పుడు, రుచి చూడడానికి ఆగినవారిలో 3 శాతమే కొన్నారు. 6 రకాలే పెట్టినప్పుడు 30 శాతం కొన్నారు. కాని 2010లో షైబెహెన్నె బృందం 50 ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే సగటు ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. 2015లో చెర్నెవ్ బృందం చిక్కును కొంత విప్పింది. సంఖ్య ఒక్కటే మనిషిని కుంగదీయదు. వస్తువులను పోల్చడం కష్టమైనప్పుడు, ఎంచుకునే పని బరువైనప్పుడు, తనకేం కావాలో మనిషికి ముందే తెలియనప్పుడు సంఖ్య భారమవుతుంది.

తెలుగు ప్రేక్షకుడి విషయంలో ఈ చివరి కారణమే ప్రధానం. అతడు తెర ముందు కూర్చున్నాక కోరికను వెతుక్కుంటున్నాడు.

మరొక పరిశోధన ఇంకా సూటిగా తగులుతుంది. రీడ్, లోవెన్‌స్టైన్, కల్యాణరామన్ 1999లో చూపినదాని ప్రకారం, రాబోయే రోజులకోసం సినిమా ఎంచుకోమంటే మనిషి గంభీరమైన చిత్రానికి మొగ్గుతాడు, ఈ రాత్రికే ఎంచుకోమంటే తేలికపాటిదానికి మొగ్గుతాడు. 2009లో మిల్క్‌మన్, రోజర్స్, బేజర్‌మన్ ఆస్ట్రేలియాలోని ఒక డీవీడీ అద్దె సంస్థ లెక్కలను పరిశీలిస్తే, ‘చూడాలి’ అనుకుని తెప్పించుకున్న గంభీర చిత్రాలు ‘చూడాలనిపించి’ తెప్పించుకున్నవాటికన్నా ఎక్కువ రోజులు ఇంట్లో ఉండిపోయాయి. నేటి ‘నా జాబితా’ వరుస ఆ దుమ్ముపట్టిన డీవీడీల వారసురాలే. వాయిదా వేసిన సినిమా చెడ్డదని దీని అర్థం కాదు. అలసిన రాత్రి పదిన్నరకు దాన్ని మొదలుపెట్టాలనుకోవడమే పొరపాటు.

తెలుగుకు దొరికే చోటు

సింగపూర్ అధికార భాషలు నాలుగు: మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు. పాఠశాలలో మాతృభాషగా తమిళం ఉంది. తమిళేతర భారతీయ భాషల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకు అవకాశముంది. తెలుగుకు లేదు. తెలుగు ఇంటి పిల్లలు తమిళమో హిందీయో తీసుకుని చదువుకుంటారు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంస్థలు పండుగలకు జనాన్ని ఒకచోట చేర్చగలవు. మిగిలిన రోజుల్లో తల్లిదండ్రుల మాట తరువాత పిల్లలకు వినపడే తెలుగు తెరమీద నుంచి వచ్చేదే.

ఆ తెర కూడా ఎప్పుడూ తెలుగే మాట్లాడదు. 2022 మే 20న ‘ఆర్ఆర్ఆర్’ నెట్‌ఫ్లిక్స్‌లో హిందీలో వచ్చింది. తెలుగు మాట జీ ఫైవ్‌లో దొరికింది. ప్రపంచమంతా పొగిడిన తెలుగు సినిమాను ఎన్నో తెలుగు ఇళ్ళు, అప్పటికే చందా ఉన్న చోట, హిందీ గొంతులతో చూశాయి. 2023 మార్చిలో వచ్చిన ‘రానా నాయుడు’లో వెంకటేశ్, రానా ఉన్నారు, మూలభాష హిందీ, తెలుగు అనువాదం. పైగా కుటుంబ కథలకు పేరుపడ్డ వెంకటేశ్ ముఖం చూసి ఇంటిల్లిపాదీ కూర్చున్నవారికి అందులోని బూతులు ఇబ్బంది కలిగించాయి. నటుడి పేరు ఇప్పుడు నమ్మదగిన గుర్తు కాదనడానికి అది మంచి ఉదాహరణ. సింగపూర్ నియమాల ప్రకారం ప్రతి చిత్రానికీ జీ నుండి ఆర్21 దాకా ఆరు తరగతుల్లో ఒకటి కేటాయిస్తారు. ఆ అక్షరం ఏది పిల్లలకు తగదో చెబుతుంది. ఏది చూడదగినదో చెప్పే బాధ్యత దానిది కాదు.

అయిదు ఎంపికలు, ఒక కొలమానం

చూడదగినది ఏది? సెలవులకు వర్తించే కొలమానం ఒకటి ఉంది: చూసిన తరువాత ఇంట్లో ఏం మిగిలింది? ఈ ప్రశ్నతో ఇటీవలి తెలుగు చిత్రాలను, ధారావాహికలను పరీక్షించవచ్చు.

వేణు ఎల్దండి దర్శకత్వం వహించిన ‘బలగం’ (2023) ఈ పరీక్షలో ముందు నిలుస్తుంది. కొమురయ్య చనిపోతాడు, పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు, ఇంటివారి పాత పగలు బయటికొస్తాయి. ఏళ్ళ తరబడి సాగిన తగవుకు మూలం విందులో నల్లిబొక్క. ఇంత చిన్న వస్తువు మీద ఇంత పెద్ద దుఃఖాన్ని నిలపడంలో దర్శకుడికి తన మనుషులు ఎంత తెలుసో కనబడుతుంది. మొదటి సగంలో హాస్యం కొన్నిచోట్ల గీత దాటుతుంది. అయితే పదకొండోనాడు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే ఘట్టానికి వచ్చేసరికి, సినిమా పాటకన్నా పాతదైన ఒక కళ సినిమాను తన చేతిలోకి తీసుకుంటుంది. విమానం ఎక్కి దినాలకు అందుకోలేకపోయిన ప్రవాసికి ఈ చిత్రం వినోదంగా మిగలదు. పిల్లలు “కాకి ఎందుకు?” అని అడుగుతారు. అక్కడి నుంచి తాతల మాట మొదలవుతుంది.

ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ (2021, నెట్‌ఫ్లిక్స్) రెండు గంటల లోపే ముగుస్తుంది. ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరాతో ఆటో నడిపే వీరబాబు, పెళ్ళి ఫోటోలు తీసే గణపతి సినిమా తీయబోతారు. తెలియనితనాన్ని చూసి నవ్విస్తూనే ఆ మనుషుల పరువు తీయకపోవడం దీని గొప్ప. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు యాస చెవికి కొత్తగా ఉంటుంది. పేరున్న ముఖాలు లేకపోవడంతో తెర వరుసల్లో ఇటువంటిది తేలికగా కిందికి జారుతుంది.

వినోద్ అనంతోజు ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020, ప్రైమ్ వీడియో) గుంటూరులో హోటల్ పెట్టాలన్న రాఘవ కథ. ప్రేమకథ, జాతకాల ఉపకథ సాగదీసినట్టుంటాయి. చిత్రాన్ని నిలబెట్టింది తండ్రిగా గోపరాజు రమణ నోరు. ఆయన తిట్లలో కోపమెంతో ప్రేమ అంత. బొంబాయి చట్నీ తిననివారికి కూడా ఆ తిట్టు అర్థమవుతుంది.

ఆదిత్య హాసన్ ‘నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ (2024, ఈటీవీ విన్) ఆరు భాగాలు. లెక్కల మాష్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, ముగ్గురు పిల్లలు, పొదుపు సంసారం. ఆ కాలంలో పెరిగి ఇప్పుడు విదేశాల్లో స్థిరపడ్డ తరానికి ఇది తేనె వంటిది. ఆ తీపితోనే పేచీ. మార్కుల కోసం పిల్లల మీద పెట్టిన ఒత్తిడిని ఈ కథ ప్రశ్నించీ ప్రశ్నించనట్టు వదిలి, జ్ఞాపకాల వెచ్చదనంలో కరిగిస్తుంది. సింగపూర్‌లో ఆరో తరగతి చివర జరిగే పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లవాడు అదే దృశ్యాన్ని వేరుగా చూస్తాడు. కనుక పెద్దలూ పిల్లలూ కలిసి చూడవలసినది ఇదే. తండ్రి నవ్వినచోట పిల్లవాడు నవ్వకపోతే అడగదగిన విషయం దొరికినట్టు.

విక్రమ్ కె. కుమార్ ‘దూత’ (2023, ప్రైమ్ వీడియో) ఎనిమిది భాగాల ధారావాహిక. వార్తాపత్రిక ముక్కల్లో ఆపదలు ముందే కనబడే పాత్రికేయుడిగా నాగచైతన్య, ఎడతెగని వాన, శ్రద్ధగా తీసిన దృశ్యాలు. ప్రతి భాగమూ తరువాతిదాన్ని నొక్కించేట్టు ముగుస్తుంది. యంత్రం కొలమానంలో ఇది ఉత్తమ విద్యార్థి. అయితే ముడి విప్పిన తరువాత మిగిలేది తక్కువ; మనుషులకన్నా ముడే గుర్తుంటుంది. ఒంటరి రాత్రికి ఇది సరిపోతుంది. ఇంటి సెలవును దీనికి పూర్తిగా అప్పగించనక్కరలేదు.

చూసే తీరు

ఏది చూడాలన్నదానితోపాటు ఎలా చూడాలన్నదీ ఎంపికే. 2017లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 మంది విద్యార్థులను మూడు జట్లు చేసి ఆరు భాగాల ధారావాహికను చూపించారు: ఒకే ఊపున, రోజుకొకటి, వారానికొకటి. ఒకే ఊపున చూసినవారికి మరునాడు అందరికన్నా బాగా గుర్తుంది. 140 రోజుల తరువాత అందరికన్నా ఎక్కువ మరచిపోయినవారూ వారే. ఆనందించామని చెప్పుకున్నదీ వారే తక్కువ. అదే ఏడాది బెల్జియంలో 423 మంది యువతీయువకులను పరిశీలించిన ఎక్సెల్మన్స్, వాన్ డెన్ బుల్క్ వరుసగా చూసే అలవాటుకు, నిద్ర నాణ్యత తగ్గడానికి సంబంధాన్ని గుర్తించారు. పడుకున్నా కథ మనసులో తిరుగుతూ ఉండడం అందులో ప్రధాన కారణంగా కనబడింది. ఈ రెండూ చిన్న అధ్యయనాలు, తీర్పులుగా తీసుకోరాదు. కాని సెలవు ముగిసి సోమవారం కార్యాలయానికి కళ్ళు నులుముకుంటూ వెళ్ళేవారికి కొట్టిపారేయదగినవీ కావు.

పిల్లలకు హద్దు మరింత స్పష్టం. 7 నుండి 12 ఏళ్ళవారికి చదువుకు సంబంధించినది మినహాయించి రోజుకు రెండు గంటల లోపే తెర చూడనివ్వాలని సింగపూర్ ఆరోగ్య శాఖ 2025 జనవరిలో సూచించింది. ‘బలగం’ ఒక్కటి చూస్తే ఆ రెండు గంటలు చెల్లిపోతాయి. హద్దు అంత చిన్నదైనప్పుడు దాన్ని ఏది నింపుతుందన్నది మరింత ముఖ్యమవుతుంది.

అందువల్ల చేయగల పని ఒకటి మిగులుతుంది: ఎంపికను తెర వెలిగించకముందే ముగించడం. డిసెంబరు సెలవుల ముందో, చైనీయుల నూతన సంవత్సరానికి ముందటి వారాంతంలోనో, కుటుంబం రెండు మూడు పేర్లు కాగితం మీద రాసుకోవచ్చు. మాట ఏ భాషలో ఉందో ముందే సరిచూసుకోవచ్చు. బరువైనదాన్ని పగటిపూటకు, తేలికైనదాన్ని రాత్రికి ఉంచుకోవచ్చు. హెర్బర్ట్ సైమన్ 1956లో చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: అన్నిటికన్నా మంచిదానికోసం వెతకడం మాని, ముందుగా పెట్టుకున్న కొలతకు సరిపడినది దొరకగానే ఆగిపోవడం.

ఆ కొలతను ఇళ్ళకు అందించే పని విమర్శది. తెలుగులో సినిమా సమీక్ష ఇప్పటికీ విడుదలనాటి ఉదయం నక్షత్రాలు వేసి, వసూళ్ళు లెక్కపెట్టి ముగుస్తోంది. నాలుగు వారాల తరువాత, వేరే దేశంలో, వేరే పండుగ సెలవులో, పిల్లల పక్కన కూర్చుని చూసే ప్రేక్షకుడికి ఆ నక్షత్రాలతో పనిలేదు. ఏ యాస వినపడుతుంది, ఏ వయసువారు కూర్చోవచ్చు, చూశాక ఏం మాట్లాడుకోవచ్చు అన్నవి అతడికి కావాలి. అవి రాసేవారు వచ్చేదాకా, చూసినవారు మరొక ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోవడమే మార్గం.