మాకు కబ్రస్తాన్‌లోనే ఇల్లెందుకు?

అరుంధతీ రాయ్ నవల మీద ఫిర్యాదు రాయడం మాకు ఇష్టమైన పని కాదు. మా పక్కన నిలబడ్డవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సిన స్థితి మాది. ఆ వేళ్ళలో ఆమె ఒకటి. 2002 గుజరాత్ మీద, అఫ్జల్ గురు కేసు మీద, కశ్మీర్ మీద ఆమె రాసినప్పుడు పెద్ద పత్రికల సంపాదకులు చాలామంది దస్తీతో మూతి తుడుచుకుని పక్కకి చూశారు. 2010లో ఢిల్లీ సభలో అన్న మాటలకి, పద్నాలుగేళ్ళ తర్వాత 2024 జూన్‌లో ఆమెని ఉపా చట్టం కింద విచారించడానికి ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ అనుమతిచ్చారు. 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్‌లో నిషేధించిన 25 పుస్తకాల్లో ఆమె 'ఆజాదీ' ఉంది. అలాంటి మనిషి నవల బాగాలేదని మేమే అంటే ఎవరి చేతికి కర్ర అందించినట్టు? మిత్రులు ఈ మాటే అడిగారు. అయితే మమ్మల్ని ద్వేషించేవాళ్ళ నవలల నుంచి మాకేమీ రావాల్సింది లేదు. బాకీ ఉన్నవాళ్ళనే కదా అడుగుతాం!

మేం మాట్లాడుతున్నది 2017 జూన్‌లో వచ్చిన 'ది మినిస్ట్రీ ఆఫ్ అట్‌మోస్ట్ హ్యాపీనెస్' గురించి. 2025లో తల్లి మేరీ రాయ్ మీద ఆమె రాసింది జ్ఞాపకాల పుస్తకం. నవలల్లో ఇప్పటికి చివరిది ఇదే.

మొదటి నవల 'ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్' 1997లో వచ్చింది. అదే ఏడాది బుకర్ వచ్చింది. ఆ నవలలో మేం లేం. కొట్టాయం దగ్గరి ఊరు, సిరియన్ క్రైస్తవుల ఇల్లు, పచ్చళ్ళ ఫ్యాక్టరీ, పరవన్ కులంలో పుట్టిన వెలుత. ఒకప్పుడు తమ అడుగుల జాడని తామే ఊడ్చుకుంటూ వెనక్కి నడవాల్సి వచ్చిన కులం అది. మేం లేకపోయినా ఆ పుస్తకం మాదే అనిపించింది. ఎందుకో చెప్పడానికి ఒక్క అరటిపండు జామ్ సీసా చాలు. ప్రభుత్వ లెక్కల్లో అది జామూ కాదు, జెల్లీ కూడా కాదు. ఏ ఖానాలోనూ పట్టదు కాబట్టి అమ్మడానికి వీల్లేదు. నవల మొత్తం ఆ సీసాలోనే ఉంది. ఎవరు ఎవర్ని ప్రేమించాలో, ఎంత ప్రేమించాలో నిర్ణయించే చట్టం ఒక పక్క, ఆ చట్టం గీతలు చెరిపేసిన మనుషులు ఒక పక్క. తెలుగువాళ్ళ దగ్గర ఉర్దూ వాళ్ళం, ఉర్దూ వాళ్ళ దగ్గర తెలుగు తురకలం అయిన మాకు, ఏ ఖానాలోనూ పట్టకపోవడమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇలా రాయగలిగిన రచయిత్రి ఏదో ఒకరోజు మా గల్లీలోకి వస్తుందని ఇరవయ్యేళ్ళు ఎదురుచూశాం. వచ్చింది. వచ్చినప్పుడు ఎంత బాగా వచ్చిందో ముందు చెప్పాలి.

పాత ఢిల్లీలో జహానారా బేగంకి ఒక బిడ్డ పుడుతుంది. మగపిల్లాడన్నారు, ఆఫ్తాబ్ అని పేరు పెట్టారు. బట్ట విప్పి చూసుకున్న తల్లికి బిడ్డలో ఆడతనం కూడా కనిపిస్తుంది. ఆమెకి తెలిసిన ఒకే భాష ఉర్దూ. ఆ భాషలో బల్ల నుంచి పుస్తకం దాకా ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలి. ఒక్క తన బిడ్డ తప్ప! ఈ ఘట్టాన్ని రెండు భాషల మధ్య బతికే మేం చదివినట్టు ఇంకెవరూ చదివి ఉండరు. తెలుగులో పసిబిడ్డ 'అది'. 'బిడ్డ ఏడుస్తోంది' అంటే సరిపోతుంది, ఆడా మగా తేల్చాల్సిన తొందర లేదు. ఉర్దూలో 'రోతా హై' అనాలి, లేదా 'రోతీ హై' అనాలి. మధ్యలో నిలబడ్డానికి జాగా లేదు. జహానారా బేగం తెలుగు తల్లి అయ్యుంటే కొన్నాళ్ళపాటైనా వ్యాకరణం ఆమెకి నీడనిచ్చేది. (పిల్లాడికి నాలుగేళ్ళొచ్చాక తెలుగు కూడా నిలదీస్తుందనుకోండి, అది వేరే సంగతి.) ఒక భాషలో పుట్టినవాళ్ళకి ఆ భాషే ఎలా ఇరుకైపోతుందో ఇంత చిన్న సంగతిలో పట్టుకోవడం అరుంధతికే చెల్లింది.

ఆ ఆఫ్తాబ్ అంజుమ్ అవుతుంది. 'ఖ్వాబ్‌గాహ్' అనే హిజ్రాల ఇంట్లో చేరుతుంది. బయటివాళ్ళ లోకాన్ని వాళ్ళు 'దునియా' అంటారు. బయటివాళ్ళకి ధరలు, గొడవలు, యుద్ధాలు అన్నీ బయటే ఉంటాయని, తమకి ఆ యుద్ధం ఒంట్లోనే నడుస్తుంటుందని అక్కడ ఒక పాత్ర అంటుంది. ఈ మాటని హిజ్రాల నుంచి తీసుకుని ముస్లింలకి అప్పుగా వాడుకోవచ్చు, తప్పులేదు.

2002లో అంజుమ్ పూలదండలమ్మే జాకిర్ మియాతో కలిసి అజ్మీర్ వెళ్ళి, అక్కణ్ణుంచి అహ్మదాబాద్ వెళ్తుంది. తండ్రికి ఇష్టమైన కవి వలీ దక్కనీ సమాధి చూడాలని ఆమె కోరిక. ఆ ఏడాది అల్లర్లలో వలీ సమాధిని నేలమట్టం చేసి, దానిమీద తారు రోడ్డు వేశారు. ఇది కల్పన కాదు. వలీ పేరులో ఉన్న దక్కనీ మా ఇళ్ళలో మాట్లాడే జబాన్. లక్నో, ఢిల్లీ వాళ్ళు నవ్వే 'నక్కో', 'హౌ'ల జబాన్. ఆ జబాన్‌తో ఢిల్లీ గజల్‌కి దారి చూపించినవాడి గోరీ కూడా మిగల్లేదు. అంజుమ్ ప్రాణాలతో తిరిగొస్తుంది. హిజ్రాని చంపితే అరిష్టమని గుంపు ఆమెని వదిలేస్తుంది. జాకిర్ మియా రాడు. అక్కడేం జరిగిందో అంజుమ్ సరిగా చెప్పదు. మగబట్టలు వేసుకుని, మాటలు పోగొట్టుకుని కూర్చుంటుంది. ఆ మౌనం ముందు అల్లర్ల మీద మేం రాసిన రిపోర్టులన్నీ చిన్నబోయాయి.

నవల అక్కడే ఉండిపోయుంటే మాకు పేచీ లేదు.

ఆ తర్వాత నవల కశ్మీర్‌కి వెళ్తుంది. వెళ్ళకూడదని మేం అనం. మూసా భార్య, చిన్నారి కూతురు ఒకే తూటాకి చనిపోయే ఘట్టం చదివి పుస్తకం మూసి కూర్చున్నవాళ్ళు మాలో ఉన్నారు. కానీ అక్కణ్ణుంచి మనుషులు తగ్గుతూ, కేసులు పెరుగుతూ పోతాయి. తిలో అనే పాత్ర దాచుకున్న వాంగ్మూలాలు, కత్తిరింపులు, పదకోశం, ఇంటెలిజెన్స్ అధికారి స్వగతం, ఢిల్లీ జంతర్‌మంతర్‌లో దేశంలోని ఉద్యమాలన్నీ వరసగా కూర్చున్న పేవ్‌మెంట్. భోపాల్ ఉంది, నర్మద ఉంది, మణిపూర్ ఉంది. చివర్లో తెలుగు నేల నుంచి అడవికి వెళ్ళిన మావోయిస్టు రేవతి కూడా ఉంది. పోలీసుల చేతిలో ఆమె పడ్డ హింస, కన్న బిడ్డ, వదిలేసిన బిడ్డ. ఇంత బతుకున్న మనిషి ఒక ఉత్తరంగా వచ్చి ఉత్తరంగానే వెళ్ళిపోతుంది. తెలుగు పాఠకులకి ఈ సంగతి ఎక్కువ గుచ్చుకుంటుంది. అలాంటి ఆడవాళ్ళ ఇళ్ళు మనకి తెలుసు, వాళ్ళ అమ్మలు తెలుసు.

మేం వార్తలు రాసి బతికేవాళ్ళం. రాత్రి డెస్క్ మీదికి వచ్చే కాపీ ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఊరు, తేదీ, మృతుల సంఖ్య, పోలీసుల కథనం, బంధువుల కథనం. మూడో రోజుకి లోపలి పేజీ. నాలుగో రోజుకి ఏమీ ఉండదు. ఆ నాలుగో రోజు ఇంట్లో ఏం జరిగిందో రాయడానికే కదా నవల! ఈ నవల వెలువడిన నెలలోనే ఈద్ బట్టలు కొనుక్కుని ఢిల్లీ నుంచి ఇంటికెళ్తున్న జునైద్ అనే కుర్రాణ్ణి హర్యానాలో రైల్లో పొడిచి చంపారు. నవల పేజీల్లోని వార్తలు అప్పటికే పాతబడ్డాయి. వార్తతో పందెం వేసిన నవల ఎప్పుడూ ఓడిపోతుంది. వెలుత విషయంలో ఆమె ఆ పందెం వెయ్యలేదు. వాడి గోళ్ళు, వాడి వీపు మీది మచ్చ, వాడు చెక్కిన బొమ్మలు మాకు తెలుసు. అందుకే పోలీసులు వాణ్ణి కొడుతుంటే ఆ దెబ్బలు మాకు తగిలాయి.

కథ ముక్కలైనప్పుడు రూపమూ ముక్కలు కావాలనే సమర్థన ఒకటుంది. నవలలోనే ఆ సూచన ఉంది. ఒప్పుకుందాం. అయితే మొదటి నవల మాత్రం ముక్కలు కాదా? కాలం ముందుకీ వెనక్కీ ఎగిరిపడుతూ ఎన్ని చెక్కలైందో! ప్రతి చెక్కకీ ఒక ఇంటి వాసన ఉంది. ఇక్కడి ముక్కలకి ఫైలు వాసన.

ఇంకో పేచీ ఉర్దూ గురించి. అంజుమ్ తండ్రి ములాకాత్ అలీ హకీమ్. వంశాన్ని చంగేజ్ ఖాన్ దాకా చెప్పుకుంటాడు. ప్రతి సందర్భానికీ ఒక షేర్ ఉంటుంది ఆయన దగ్గర. ముచ్చటైన మనిషే. కానీ ఇంగ్లీషు నవల్లో ముస్లిం తండ్రి ఎప్పుడూ ఓడిపోయిన నవాబో, షేర్లు చదివే పెద్దమనిషో ఎందుకవుతాడు? మా పెద్దలకి ఉర్దూ అంటే షాయరీ ఒక్కటే కాదు. 1918లో మొదలైన ఉస్మానియాలో 1948 దాకా డాక్టరు చదువు, ఇంజనీరింగు చదువు ఉర్దూలో చెప్పారు. తెలంగాణలో ఒక్క ఉర్దూ అక్షరం రాని రైతు కూడా తహసీల్దారు, పహాణీ, దరఖాస్తు, జమానత్ అంటాడు. ఉర్దూ వాడకం భాష, పని భాష, తగువుల భాష. దాన్ని అత్తరు సీసాలో పెట్టి చూపించడం మా శత్రువులు చేసే పని కాదు, మా అభిమానులు చేసే పని. అర్జుమంద్ ఆరా ఈ నవలని ఉర్దూలోకి తెచ్చారు. అందులో ఖ్వాబ్‌గాహ్ మనుషులు సొంతింటికి తిరిగొచ్చినట్టుంటారు. ఆ తర్వాతి భాగాలు ఉర్దూలో కూడా అఖ్బారులాగే ఉన్నాయి.

అసలు బాధ కబ్రస్తాన్ దగ్గర. గుజరాత్ తర్వాత అంజుమ్ ఖ్వాబ్‌గాహ్ వదిలి కబ్రస్తాన్‌లో ఉంటుంది. గోరీల మధ్య గదులు కడుతుంది, దానికి జన్నత్ గెస్ట్ హౌస్ అని పేరు. దునియా వెలేసినవాళ్ళంతా అక్కడికి చేరతారు. గోవు పేరుతో తండ్రిని చంపిన గుంపుని కళ్ళారా చూసి, సద్దాం హుస్సేన్ అని పేరు పెట్టుకున్న దళిత యువకుడు, గుడ్డి ఇమామ్, తిలో, రేవతి బిడ్డ, కుక్కలు, పక్షులు. మునిసిపాలిటీ వాళ్ళు ఖాళీ చేయించడానికొస్తే ఒక చమత్కారం, కొంత మామూలు, పండక్కి మాంసం భోజనం. తగువు తీరిపోతుంది.

చదవడానికి హాయిగానే ఉంది. కానీ మాకు కబ్రస్తాన్ రూపకం కాదు. సర్వే నంబరు, వక్ఫ్ గెజెట్, ముతవల్లీ, కోర్టు వాయిదా. హైదరాబాద్ పక్కన మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా కింద వక్ఫ్ అని వాదించిన 1,654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పార్లమెంటు 2025లో వక్ఫ్ చట్టాన్నే మార్చింది. చచ్చినవాళ్ళ జాగాకే ఇన్ని కాగితాలు చూపించాల్సిన రోజుల్లో, బతికున్నవాళ్ళు అక్కడ హాయిగా ఇల్లు కట్టుకున్నారంటే మాకు నవ్వు రాలేదు. పైగా 'పాకిస్తాన్ యా కబ్రస్తాన్' అని మా మొహాన నినాదాలిచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు చూపించిన రెండు దారుల్లో ఒకదాన్ని అరుంధతి అందంగా అలంకరించి మాకిచ్చింది. ఆమె ఉద్దేశం అది కాదని తెలుసు. కానీ అద్దెకి ఇల్లు అడిగితే పేరు విని తలుపు మూసిన వీధిలోనే మాకు ఇల్లు కావాలి. ఆ వీధిలో ఆ తలుపు ముందు మేం నిలబడే అరగంటని ఆమె రాసుంటే ఎలా ఉండేదో!

సద్దాం పేరు సంగతీ అంతే. అతనికి ఆ పేరు తెగువ. మాకు పేరు తెగువ కాదు, దినచర్య. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు', 2004లో ముస్లిం కథల సంకలనం 'వతన్' వచ్చాయి. వీటికి బుకర్లు రాలేదు. వీటన్నిటి స్థాయి ఒకటేనని కూడా మేం అనం. కొన్ని నినాదాల దగ్గరే ఆగిపోయాయి. కానీ దర్గామిట్టలో పిల్లలు అన్నానికి, ఫీజులకి, సినిమాకి, అమ్మ కోపానికి మధ్య బతుకుతారు. ఎవరూ వాళ్ళని సమస్యగా చూడరు. నవ్విస్తూనే ఉంటారు. ఆ వీధి ఢిల్లీ కబ్రస్తాన్ కంటే విశాలంగా కనిపించడం మా ప్రాంతాభిమానం మాత్రమే కాదనుకుంటాం.

మేం ఈ నవలని రెండోసారి చదివినప్పుడు అంజుమ్ మీద కంటే జాకిర్ మియా మీదే మనసు ఆగిపోయింది. చిత్లీ ఖబర్ దగ్గర ఆయనకి పూలదండల దుకాణం ఉంది. ఆయన కొడుకు మన్సూర్ అహ్మదాబాద్ శిబిరాల్లో వెతికి అంజుమ్‌ని ఇంటికి తీసుకొస్తాడు. తండ్రి దొరకలేదు. నవల ఆ దుకాణం దగ్గర ఎక్కువసేపు నిలబడదు, దానికి కశ్మీర్ వెళ్ళాలి. మాకేమో అక్కడే ఆగాలని ఉంది. మర్నాడు షట్టరు ఎవరెత్తారు? శవం లేకుండా గాయిబానా నమాజ్ ఎప్పుడు చదివారు, చదువుదామని మొదట ఎవరన్నారు? ఆ ఇంటావిడ ఇద్దత్‌లో ఏ రోజు నుంచి కూర్చుంది? చావు సర్టిఫికెట్ కోసం మన్సూర్ ఎన్నిసార్లు అహ్మదాబాద్ వెళ్ళాడు, రైల్లో పేరడిగితే ఏం చెప్పాడు? పెళ్ళిదండలకి ముందే బయానా ఇచ్చినవాళ్ళు వచ్చి నిలబడితే, డబ్బు తిరిగిచ్చాడా, దండలే కట్టిచ్చాడా?