టైరు సైజు తెలిసిన చెయ్యి
పాత పికప్‌కు టైర్లు మార్చేముందు మంచి టైర్ల మేస్త్రి అడిగే మొదటి మాట, "ఏం లోడు వేస్తావన్నా?" ఆ ప్రశ్నంటే నాకెంతో గౌరవం. తర్వాత వంగి, పాత టైరు మీది మట్టి తుడిచి అంకెలు చదువుతాడు: 215/75 ఆర్15. వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. ఓనరు ముచ్చటపడి 235 వేయమంటే వెంటనే ఒప్పుకోడు. టైరు మొత్తం ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మీటరు 60 చూపేటప్పుడు బండి నిజానికి 62 దాటి పోతుంటుంది, లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మొదటి గేరు ఈడవలేక ఈడుస్తుంది. స్టీరింగును రెండు వైపులా చివరికంటా తిప్పించి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందులో వేళ్లు పెట్టి చూస్తాడు. రిమ్ము కూడా మారితే బోల్టు రంధ్రాలతో సరిపెట్టుకోడు, అది ఎంత బయటికి జరిగి కూర్చుంటుందో కొలుస్తాడు. ఎక్కువ జరిగితే ఆ భారం మోసేవి బేరింగులే. సైజు పక్కన 100 అని ఉంటే ఆ టైరు మోసేది 800 కిలోలు, 108 అయితే 1000. మామిడి పెట్టెలతో రాత్రంతా బండి నడిపే డ్రైవరు ధైర్యమంతా ఆ చిన్న అంకెలోనే ఉంది. చివరగా తయారీ తేదీ: 2324 అంటే 2024లో 23వ వారం. మరీ పాతదైతే, ఎంత నల్లగా మెరుస్తున్నా పక్కన పెట్టేస్తాడు.