నలుగురూ వినే ఉత్తరం

1790 ఏప్రిల్‌లో థామస్ జెఫర్సన్ న్యూయార్క్ నుంచి చిన్నకూతురు మరియాకు ఒక ఉత్తరం రాశాడు. అప్పుడాయన అమెరికా కొత్త ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి. వర్జీనియాలో ఉన్న ఆ పిల్లకు 11 ఏళ్ళు. ఉత్తరం నిండా ప్రశ్నలే. రోజూ సూర్యోదయం చూస్తున్నావా? డాన్ క్విక్సోట్ రోజుకెన్ని పేజీలు చదువుతున్నావు? వ్యాకరణం అప్పజెబుతున్నావా? పుడ్డింగ్ చేయడం వచ్చిందా? పాలకూర విత్తడం, కోడిని పొదగేయడం తెలిసిందా? మరియా జవాబిచ్చింది. మిమ్మల్ని చూసిన దగ్గర్నుంచీ ప్రయాణాల్లోనే ఉన్నాను, నిఘంటువేమో పెద్దది, బండి అరలో పట్టదు, అందుకే పుస్తకం రోజూ చదవడం కుదరలేదు.

ముచ్చటైన సాకే. అయితే అంత పొందిగ్గా సాకు చెప్పడం వెనక చాలా తర్ఫీదుంది. వర్జీనియా, మేరీలాండ్, దక్షిణ కరోలినాల్లోని భూస్వాముల ఇళ్ళలో ఆడపిల్లలకు సంగీతం, కుట్టుపనితోపాటు ఉత్తరం రాయడమూ చిన్నప్పుడే నేర్పేవారు. 1783 నవంబరులో జెఫర్సన్ అన్నాపోలిస్ నుంచి ఫిలడెల్ఫియాలో చదువుకుంటున్న పెద్దకూతురు మార్తాకు గంటల లెక్కన దినచర్య రాసి పంపాడు. ఎనిమిది నుంచి పదిదాకా సంగీతం. పది నుంచి ఒంటిగంటదాకా ఒకరోజు నాట్యం, మర్నాడు బొమ్మలు గీయడం. ఒంటిగంట నుంచి రెండుదాకా ఒకరోజు బొమ్మలు, మర్నాడు ఉత్తరం. తనకైతే ప్రతి టపాకూ రాయాలి. వారానికొకటి పిన్నుల్లో ఒకరికో, మేనత్తకో రాయాలి, కానీ దాన్ని నేరుగా పంపకూడదు, తనకు రాసేదాంట్లో పెట్టి పంపాలి. ఒక్క అక్షరం తప్పు పోకూడదు. తల్లి పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ పిల్లకు కూడా 11 ఏళ్ళే.

పిన్నికి రాసిన ఉత్తరం నాన్న చేతుల మీదుగా వెళ్ళడం ఇప్పుడు మనకు చిరాకు తెప్పిస్తుంది. అక్కడ అది మామూలు. ఉత్తరం వచ్చిందంటే ఇంట్లో వాళ్ళూ, చూడవచ్చిన చుట్టాలూ కూర్చుని ఉండగా పైకి చదివేవారు. బాగున్న ఉత్తరం పక్క ఎస్టేటుకూ వెళ్ళేది. రాసే మనిషికి ఇదంతా తెలుసు. అందుకే మొదట ఆలస్యానికి క్షమాపణ, మీ ఫలానా తేదీ ఉత్తరం ఫలానా ఓడలో అందిందన్న కబురు, తర్వాత ఒంట్లో ఎవరికెలా ఉందో, చివర పేరుపేరునా నమస్కారాలు. మన ఉభయకుశలోపరి వరసే. ఈ పొడిమాటల్ని నేటి పాఠకులు దాటేస్తారు. అవి లేకపోతే సముద్రం మీద ఏ ఉత్తరం పోయిందో, ఏది చేరిందో తెలిసే దారి లేదు. చివరి నమస్కారాల్లో తన పేరు రాని మేనత్త ఆ సంగతి మరిచిపోతుందనీ నేననుకోను.

నలుగురి చెవినా పడుతుందని తెలిసి కూడా మనసులో మాట చెప్పగలగడమే ఈ విద్యలో అసలు పనితనం. అందులో ఎలైజా లూకస్‌ది నాకు అన్నిటికన్నా నచ్చిన చెయ్యి. తండ్రి జార్జ్ లూకస్ సైనికోద్యోగం మీద ఆంటిగ్వా దీవికి వెళ్ళిపోతే, చార్ల్స్‌టన్ దగ్గర వాపూ ఎస్టేటునూ మరో రెండింటినీ ఇరవయ్యేళ్ళయినా నిండని ఈ అమ్మాయి చూసుకునేది. 1740లో తండ్రి ఇద్దరు వరుల పేర్లు సూచించాడు. ఆమె జవాబు వినయంతో మొదలవుతుంది. తన సుఖం కోరి ఇంత ఆలోచించిన తండ్రికి కృతజ్ఞతలు చెప్పుకుంటుంది. ఆ వెంటనే, పెరూ, చిలీ దేశాల సంపద అంతా కలిపి మొదటి వరుడి దగ్గరున్నా సరే, భర్తగా ఒప్పుకునేంత గౌరవం ఆయన మీద తనకు కలగదని ఆ పెద్దమనిషి సంగతి తేల్చేస్తుంది. తన తరఫున ఆయనకు ధన్యవాదాలు చెప్పి, ఈ కబురును మర్యాద చెడకుండా అందించమని, అలాంటి మాటలు తనకన్నా తండ్రికే బాగా తెలుసునని ఆ భారం ఆయన నెత్తినే పెడుతుంది. రెండోవాడి గురించి తనకంతగా తెలియదు. ఇంకో రెండు మూడేళ్ళు పెళ్ళి ఊసు వద్దు. ఇంత చెప్పీ ఎక్కడా గొంతు పెంచలేదు, విధేయురాలైన కూతురు అన్న హద్దు దాటనూ లేదు.

ఈ ఉత్తరం మనదాకా వచ్చిందంటే కారణం ఆమె నకళ్ళ పుస్తకం. పంపే ప్రతి ఉత్తరాన్నీ, లేదా దాని సారాంశాన్నీ అందులో ఎక్కించుకునేది. స్పెయిన్‌తో యుద్ధం నడుస్తున్న రోజులు, ఓడలు పట్టుబడేవి. నకలుంటే మళ్ళీ పంపవచ్చు. నీలిమందు, అల్లం, పత్తి పంటల ప్రయోగాలూ పెళ్ళి మాటలూ అన్నీ ఆ పుస్తకంలోనే కలగలిసి ఉంటాయి. ఎస్టేటు వ్యవహారం వేరు, ఇంటి వ్యవహారం వేరు అన్న గీత వాళ్ళకు లేదు.

కాగితం సంగతీ చెప్పాలి. 1792 తపాలా చట్టం ప్రకారం ఒక్క కాగితం ఉత్తరానికి 30 మైళ్ళలోపు 6 సెంట్లు, 450 మైళ్ళు దాటితే 25 సెంట్లు. రెండో కాగితం చేరిస్తే రెట్టింపు. పైన తొడిగే లకోటా కూడా కాగితం కిందే లెక్క. రుసుము సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టుకునేవారు. అందుకని పెద్ద కాగితాన్ని మధ్యకు మడిచి, మూడు పేజీలు నింపి, నాలుగో పేజీలో చిరునామాకు చోటు వదిలి, మడతలు ఒకదానిలో ఒకటి దోపి లక్కతోనో పిండిబిళ్ళతోనో అతికించేవారు. అటువైపు వెళ్ళే మనిషి దొరికితే తపాలా జోలికే పోరు.

మనిషిని నమ్మినా చిక్కే. మసాచుసెట్స్‌లోని జాన్, అబిగైల్ ఆడమ్స్ దంపతులు భూస్వాములు కారు గానీ రాత పద్ధతి అదే. 1775లో జాన్ ఉత్తరాలు తీసుకెళుతున్న యువకుడు బ్రిటిష్‌వాళ్ళకు చిక్కాడు. భార్యకూ మిత్రుడికీ రాసుకున్న మాటలు పత్రికకెక్కాయి. మరుసటేడు జాన్ నకళ్ళకోసం పెద్ద పుస్తకం కొని, నువ్వూ ఒకటి పెట్టుకో, దాచదగ్గవి నా ఉత్తరాలకన్నా నీవే అని రాశాడు. ఆ మాట నిజమేనని నా అభిప్రాయం. ఇద్దరివీ కలిపి వెయ్యికి పైగా నిలిచాయి.

తొలి అధ్యక్షుడి భార్య మార్తా వాషింగ్టన్ దారి వేరు. భర్త పోయాక, తాను 1802లో కన్నుమూసేలోగా, తామిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు దాదాపు అన్నీ తగలబెట్టేసింది. 1775 జూన్‌లో సేనాధిపతిగా బయల్దేరుతూ ఆయన రాసిన రెండు ఉత్తరాల్లాంటివి ఏ కొద్దో తప్పించుకున్నాయి. చరిత్రకారులు ఇప్పటికీ బాధపడుతుంటారు. జీవితమంతా ఉత్తరాలు నలుగురి మధ్య చదివిన ఇంట్లో, ఆ కొన్నింటిని ఇంకెవరూ చదవకూడదనుకోవడం ఆమె హక్కేనని నాకనిపిస్తుంది.

జెఫర్సన్ మాత్రం దాదాపు అన్నీ దాచుకునేవాడు. 1783 నుంచి చనిపోయేదాకా రాసినవాటికీ వచ్చినవాటికీ తేదీలతో పద్దు రాశాడు. ఆ కాగితాల్లో 1818 నవంబరులో తన పాప్లర్ ఫారెస్ట్ ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఒకటుంది. పంపింది హానా, ఆయన బానిస, ఆ ఇంటి పనులు చూసే మనిషి. ఈ కుటుంబాల ఉత్తరాల్లో బానిసలు తరచూ కబురు మోసేవాళ్ళుగానో, జబ్బుపడ్డవాళ్ళుగానో, అమ్ముడుపోయేవాళ్ళుగానో కనిపిస్తారు. ఉత్తరం వాళ్ళ పేరుతో రావడం అరుదు. హానాకు దినచర్య రాసిచ్చిన తండ్రి లేడు. అక్షరదోషాలు బోలెడు, వాక్యానికీ వాక్యానికీ మధ్య చుక్క లేదు. వరస మాత్రం ఎక్కడా తప్పలేదు. ఇల్లూ సామానూ భద్రం, మీకు ఒంట్లో బాగాలేక రాలేకపోయారని విని బాధపడ్డాను. ఆ తర్వాత, మిమ్మల్ని బతికించింది దేవుడే, మరొకరు కాదు, ఆయన ఆజ్ఞలు పాటించాలి అని యజమానికే హితవు చెప్పి, మీ సేవకురాలు హానా అని ముగించింది.