గీసిన చెయ్యి, చెరిపిన చేతులు

మస్జిద్‌లో మౌల్వీ సాబ్ దగ్గర అలిఫ్, బే దిద్దినవాళ్ళకు తఖ్తీ గుర్తుంటుంది. చెక్క పలక. నిండా రాయాలి, నీళ్ళతో కడగాలి, మట్టి పూసి ఎండబెట్టాలి, మళ్ళీ రాయాలి. దాన్నే మష్ఖ్ అనేవాళ్ళు. ఎంత కడిగినా నా తఖ్తీ మీద నిన్నటి అక్షరం నీడలా మిగిలే ఉండేది. ఇవాళ్టి అక్షరం ఆ నీడ మీదే కూర్చోవాలి.

ఎం.ఎఫ్. హుసేన్ బొమ్మల గురించి రాయడానికి కూర్చుంటే నాకు ముందు ఆ పలకే గుర్తొచ్చింది. 1915లో పంఢర్‌పూర్‌లో పుట్టిన ఈ బోహ్రా పిల్లవాడు బరోడా మదర్సాలో ఖత్తాతీ నేర్చుకున్నాడు. తర్వాత బొంబాయి చేరి సినిమా హోర్డింగులు వేసి పొట్ట పోసుకున్నాడు. హోర్డింగు పనిలోనూ అంతే కదా. సినిమా మారితే పాత హీరో ముఖం మీద తెల్లరంగు కొట్టి కొత్త హీరోని దించాలి. హుసేన్ గీతలోని బలమంతా యూరప్ ఖాతాలో జమకట్టి పికాసో పేరు చెప్పే విమర్శకులు ఈ రెండు పలకలనూ చూడలేదు.

వేసింది కొట్టేసి మళ్ళీ వేయడం గురించి హుసేన్ ఆలోచన అతని ఇంటర్వ్యూల్లో కంటే 2004లో తీసిన ‘మీనాక్షి’ సినిమాలో ఎక్కువ దొరుకుతుంది. నవాబ్ ఒక హైదరాబాదీ నవలాకారుడు. కలం కదలడం లేదు. అత్తరు అమ్మే మీనాక్షి (టబు) వచ్చి తన కథ రాయమంటుంది. జైసల్మేర్‌లో పెట్టి రాస్తాడు. ఆమెకు నచ్చదు. అదంతా పక్కన పెట్టి ప్రాగ్ నగరంలో మరియాగా మళ్ళీ పుట్టిస్తాడు. అక్కడా ఆ మనిషి అతని చేతిలో ఒదగదు. సినిమాగా చూస్తే దీనికి లోపాలు తక్కువేం లేవు. సంతోష్ శివన్ కెమెరా, రహమాన్ పాటలు కలిసి కథను మింగేశాయి. ప్రాగ్ భాగం పిక్చర్ పోస్టుకార్డులా ఉంది. కానీ తాను సృష్టించిన మనిషే ఎదురు నిలబడి ‘ఇది నేను కాదు’ అంటుంటే కళాకారుడికి ఊపిరాడని స్థితి ఉంటుందే, దాన్ని ఇంత దగ్గరగా చూపిన సినిమా మనకు వేరే ఏముంది?

ఈ ‘ఇది నేను కాదు’ అతనికి పసితనంలోనే వినపడి ఉంటుంది. తల్లి జైనబ్ అతనికి ఊహ తెలియకముందే పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె ముఖం గుర్తు లేదని జీవితమంతా చెప్పుకున్నాడు. 1980 నుంచి వేసిన మదర్ థెరిసా బొమ్మల్లో నీలం అంచు తెల్లచీర ఉంటుంది, చీర మడతలుంటాయి, ఒడిలో పసివాడుంటాడు. ముఖం ఉండాల్సిన చోట ఖాళీ. అదే బొమ్మను ఎన్నిసార్లు వేశాడో! గుర్రాల విషయం వేరు. చివరి దశలో ఆ గుర్రాలు చాలావరకు అలవాటు కొద్దీ, కొనేవాళ్ళ కోసం పరిగెత్తినవే. తల్లి బొమ్మలో మాత్రం అలసట కనపడదు. అక్కడ అతను వేసిందే వేయడం లేదు. దొరకనిదాన్ని వెతుకుతున్నాడు.

1992లో కలకత్తాలో జనం ముందు కూర్చుని కొన్ని రోజులపాటు దేవతల బొమ్మలు వేశాడు. ఆఖరి రోజున వాటన్నిటి మీదా తనే తెల్లరంగు పూసేశాడు. దుర్గను పూజించి గంగలో కలిపే ఊరు అది. తఖ్తీ కడిగిన చేతికి ఆ నిమజ్జనం ఎలా అర్థమైందో నాకు తెలుసు అనిపిస్తుంది. అయితే ఆ తెల్లరంగు డబ్బా అతని చేతిలో ఉంది. అసలు సంగతి అదే.

1970లలో గీసిన ఒక సరస్వతి రేఖాచిత్రాన్ని 1996లో ఒక హిందీ పత్రిక బయటకు తీసింది. అన్నేళ్ళూ ఎవరినీ నొప్పించని గీత రాత్రికి రాత్రే నేరమైంది. గీత మారలేదు. గీసినవాడి పేరు ఒక్కటే కొత్తగా చదివారు. ఆ అక్టోబరులో అహ్మదాబాద్ గ్యాలరీలో బజరంగ్ దళ్ వాళ్ళు అతని బొమ్మలను నాశనం చేశారు. 1998లో బొంబాయి ఇంటిమీద పడ్డారు. పేరు పెట్టకుండా వదిలిన మరో బొమ్మకు 2006లో వేలం ప్రకటనలో ‘భారతమాత’ అన్న పేరు చేరింది. ఆ పేరు పెట్టింది అతను కాదు, దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది మాత్రం అతనే. బొమ్మను తిరగరాయడానికి రంగే అక్కర్లేదు, ఒక శీర్షిక చాలు. మన ఇళ్ళకు, మన వీధులకు, మన పిల్లలకు కూడా ఇలాగే కదా శీర్షికలు పెడుతున్నారు! 2008లో ఢిల్లీ హైకోర్టు ఆ కేసులు కొట్టేసింది. అయినా అతను తిరిగి రాలేదు.

ఇదే హుసేన్ లోహియా మాట మీద, బద్రీ విశాల్ పిట్టీ అండతో మన హైదరాబాదులో రామాయణం వేశాడు. ఎనిమిదేళ్ళలో నూటయాభై దాకా కాన్వాసులు వేశానని, కాశీ పండితులతో కూర్చుని వాల్మీకినీ తులసీదాసునూ చర్చించానని చెప్పుకున్నాడు. సెక్యులర్ మిత్రులు దీన్ని పదేపదే ఎత్తి చూపుతారు. వాళ్ళ ప్రేమను శంకించను. కానీ రామాయణం వేశాడు కనుక మంచి ముస్లిం అనడానికీ, సరస్వతిని అలా గీశాడు కనుక చెడ్డ ముస్లిం అనడానికీ మధ్య చిత్రకారుడికి చోటేది? రామాయణం జోలికే పోకుండా గుర్రాలే గీసి ఉంటే అతన్ని కాపాడాల్సిన పని ఉండేది కాదా?

ఇక మనవాళ్ళ సంగతి. దాచుకుని లాభం లేదు. ‘మీనాక్షి’లో ఒక ఖవ్వాలీలో ఖురాన్ మాటలు వాడారని ఉలేమా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. వెలుగు మీద వెలుగు అని అర్థం వచ్చే మాట అది. సినిమాను థియేటర్ల నుంచి దించేశారు. 1996లో అతని పక్కన నిలబడమని లోకాన్ని అడిగిన మనలో ఎంతమందిమి 2004లో నోరు విప్పాం? ‘అది వేరు, ఇది వేరు’ అన్నవాళ్ళను నేను చూశాను. నేనూ అప్పుడు ఏమీ రాయలేదు.

2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నాడు. అక్కడ అరబ్ నాగరికత మీద ఒక వరస, లండన్‌లో భారతీయ నాగరికత మీద మరో వరస తలపెట్టాడు. 2011 జూన్‌లో లండన్‌లో చనిపోయాడు. భారతీయ నాగరికత వరసలో పూర్తయిన, మూడేసి పలకలు కలిపి వేసిన ఎనిమిది బొమ్మలను 2014లో అక్కడి మ్యూజియంలో చూపించారు. తొంభై దాటిన వయసులో, సొంత ఊరికి అంత దూరాన, వాటిలో ఏ పలకను కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడో అడగడానికి ఇప్పుడు మనిషి లేడు.